అక్క ఎవరికి?

మా తమ్ముళ్ళిద్దరికీ నోరే ఆస్తి. పెద్దవాడు ఆదిమూలం, చిన్నవాడు మునస్వామి. వానాకాలమంతా చెనిక్కాయ చేనిలో మట్టి పిసుక్కునేవాళ్ళు. ఎండాకాలం వచ్చిందంటే ముఖాన తెల్లటి సఫేదా పూసుకుని, పుత్తూరు చుట్టుపక్కల వీధి నాటకాల్లో బఫూన్ వేషాలు కట్టేవాళ్ళు. రాజు పద్యం పాడుతుంటే కునుకు తీసే జనం, వీళ్ళు అడుగు పెట్టగానే పక్కవాణ్ణి తట్టి లేపి మరీ చూసేవాళ్ళు.

నేను వాళ్ళకు అక్కను. కట్టుకున్నవాడు మద్రాసులో ఇంకో సంసారం పెట్టుకుంటే, వీళ్ళకింకా మీసాలు రాకముందే పుట్టింటికి వచ్చేశాను. అమ్మ లేని ఇల్లు. ఇద్దరికీ సంగటి కెలికి పెట్టాను, పెళ్ళిళ్ళు చేశాను, అక్కడే ఉండిపోయాను. నేనుండేది ఎవరి ఇంట్లో అన్న అనుమానం ఆ ఎండాకాలం దాకా నాకెప్పుడూ రాలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఎండాకాలం అది. పుత్తూరులో పరంధామయ్య అనే ఆయన డేరా వేసి సినిమాలాడించేవాడు. సినిమా కొట్టాయి అనేవాళ్ళం దాన్ని. ముందు ఇసుక, వెనక బెంచీలు, మధ్యలో మొగవాళ్ళకూ ఆడవాళ్ళకూ అడ్డంగా మోకాలెత్తు గోడ. ఆ ఏడు ఆయన సినిమా మిషను చెడిపోయింది. ఒకరోజు పొద్దున్నే మా ఇంటి అరుగు మీదకు వచ్చి కూర్చున్నాడు.

"సామాను మద్రాసు నించి రావాల ఆదిమూలం. అందాకా కొట్టాయి మూసి పెట్టుకుంటే జనం దోవ మరిచిపోతారు. సాయంత్రం మొదటాట టైముకు మీరిద్దురూ వచ్చి నవ్వించండప్పా."

"యా నాటకంలో నవ్వించేదయ్యా?" అన్నాడు ఆదిమూలం. "రాజు లేడు, రాణి లేదు. ఎవుర్ని ఎగతాళి చేసేది మేము?"

మునస్వామి గడప మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. పుల్ల నోట్లోంచి తీసి, "జనాన్నే అడుగుదామన్నా," అన్నాడు. "వాళ్ళు యా కత కోరితే ఆ కత. ఆడికాడికి అల్లేద్దాము."

పరంధామయ్య నమ్మలేదు గానీ ఆయనకు వేరే దారి లేదు. అట్లా మొదలైంది.

వాళ్ళకొక పద్ధతుండేది. ఇద్దరికీ కలిపి ఒకటే తుండుగుడ్డ. అది ఎవరి భుజాన ఉంటే మాట వాళ్ళది. మాట అయిపోగానే గుడ్డ రెండోవాడి మీదకు విసరాలి. వాడు దాన్ని గాల్లో పట్టుకుని భుజాన వేసుకునేలోగా జవాబు తోచాలి. చిన్నప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడి నా ప్రాణం తోడేస్తుంటే, నోరు మూయించడానికి నేను పెట్టిన పద్ధతే అది. దాన్ని వేదిక మీదకు ఎక్కించారు.

జనం ఏదంటే అది ఆడేవాళ్ళు. "బస్సులో సీటు కోసం కొట్లాట!" అని అరిస్తే బస్సు, "కొత్త కోడలి మొదటి వంట!" అంటే కొత్త కోడలు. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో మా ఊరి వైపు వచ్చినవాళ్ళు చేతులు మెడకు వేలాడేసుకుని కూర్చుని, కట్టు కదిలిపోతుందేమోనని భయపడుతూ నవ్వేవాళ్ళు. సినిమాకు కూడా అంత జనం రాలేదని పరంధామయ్య పొంగిపోయాడు.

ఇంట్లో మాత్రం ఆ ఎండాకాలం నవ్వు తగ్గింది. ఆదిమూలం భార్య శకుంతలకూ, మునస్వామి భార్య మునిలక్ష్మికీ ఒక పొయ్యి దగ్గర పొసగడం లేదు. భాగాలు పంచుకోవాలన్న మాట గోడల చాటున తిరుగుతోంది. నా ముందు ఎవరూ అనరు. నేను వెళ్తే మాట మార్చి, చింతపండు ధర గురించి మాట్లాడేవాళ్ళు. పొలం పంచుకుంటే పంచుకోనీ, బావి పంచుకుంటే పంచుకోనీ. నా ఆకు ఏ పొయ్యి ముందు వేస్తారు? నాకు తెలియాల్సింది అదొక్కటే. అడగడానికి నోరు రాలేదు. పెంచిన పిల్లల్ని ఎట్లా అడిగేది ఆ మాట?

ఒక శనివారం మునిలక్ష్మి బలవంతపెడితే నేనూ వెళ్ళాను కొట్టాయికి. ఆడవాళ్ళ వైపు ఇసుకలో కూర్చున్నాం. నా పక్కన నగరి నుంచి వచ్చిన ఒకావిడ, చంటిబిడ్డను ఒళ్ళో పడేసుకుని చెనిక్కాయలు ఒలుచుకుంటోంది. తమ్ముళ్ళిద్దరూ వచ్చి నిలబడి దండం పెట్టారు.

"యా కత కావాలప్పా?" అన్నాడు ఆదిమూలం.

వెనక బెంచీల్లోంచి ఒక గొంతు లేచింది. "భాగాల కత! అన్నదమ్ములు వేరుపడే కత ఆడండి!"

ఆ గొంతు మా ఊరిదే. ఎవరిదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆదిమూలం ఒక్క క్షణం తమ్ముడి వైపు చూసి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే. మేము అన్నదమ్ములం. మీరంతా పెద్దమనుషులు. మీరేది పంచమంటే అది పంచుకుంటాము. తీర్పు మీది, ఏడుపు మాది."

"రోలు!" అని అరిచారు.

"రోలు నాకు!" అని గుడ్డ విసిరాడు ఆదిమూలం.

"అయితే రోకలి నాకు," అన్నాడు మునస్వామి దాన్ని అందుకుని. "ఇంక నువ్వు దంచుకోవాలంటే మా ఇంటికి రావాల, నేను దంచుకోవాలంటే మీ ఇంటికి రావాల. ఈ మాత్రానికి వేరుపడేదెందుకన్నా?"

"కోడిపుంజు!"

"పుంజు నీకే పెట్టుకోరా. కూత నాకు. తెల్లారేసరికి అది మా ఇంటికొచ్చి కూసి పోవాల."

"ఎదురింటోళ్ళతో తగువుండాదే, అదెవురికి?"

"అది మాత్రం పంచేది లేదు," అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు మునస్వామి. "అది ఉమ్మడి ఆస్తి. మా తాత సంపాదించినది."

నేను కూడా కళ్ళల్లో నీళ్ళు వచ్చేట్టు నవ్వాను. ఇంట్లో గోడల చాటున తిరిగే మాట ఇట్లా వెలుతురులో పడి నవ్వుగా మారుతుంటే నాకు గుండె బరువు దిగినట్టే ఉంది. ఇంత నవ్వుకున్నాక రేపు ఇంటికెళ్ళి వేరుపడతారా వీళ్ళు అనుకున్నాను. బండి, బావి మోకు, పెరట్లో మునగచెట్టు అన్నీ అయిపోయాయి. జనానికి ఇంక పంచడానికి ఏమీ తోచడం లేదు.

అప్పుడు మొగవాళ్ళ వైపు నుంచి ఎవరో అడిగారు. "ఇంట్లో ఒక అక్క ఉండాది గదప్పా! ఆయమ్మ ఎవురికి?"

తుండుగుడ్డ ఆదిమూలం భుజాన ఉంది. నోరు తెరిచాడు, మూశాడు. గుడ్డ తీసి తమ్ముడి మీదకు విసిరాడు. మునస్వామి పట్టుకున్నాడు. దాన్ని భుజాన వేసుకోనైనా వేసుకోలేదు. వెంటనే తిరిగి విసిరాడు. ఆదిమూలం మళ్ళీ ఇటు విసిరాడు. వాడు మళ్ళీ అటు. మాట లేదు, పలుకు లేదు. గుడ్డ ఒక్కటే గాల్లో తిరుగుతోంది.

ముందు అక్కడొకరు ఇక్కడొకరు నవ్వారు. తర్వాత కొట్టాయి కొట్టాయంతా దద్దరిల్లిపోయింది. అంతసేపూ వాళ్ళు ఆడిన మాటలకు రాని నవ్వు ఆ మాటలేనితనానికి వచ్చింది. బెంచీల మీదివాళ్ళు లేచి నిలబడి ఈలలు వేశారు. నగరి ఆవిడ నా వీపు మీద చరిచి, "సూడమ్మా, ఎంత బాగా ఆడతా ఉండారో! నిజం అన్నదమ్ముల మాదిరే!" అంది. మునిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నవ్వాను. ఆ నవ్వుల్లో నేనొక్కదాన్నే నవ్వకపోతే, ఆ అక్క ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

చివరికి గుడ్డ ఇద్దరి మధ్యా కింద పడింది. ఎవరూ తీయలేదు. పరంధామయ్య తెర లాగించేశాడు.

బండిలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆదిమూలం ఎడ్లను అదిలిస్తూనే ఉన్నాడు. మామూలుగా అయితే ఆనాటి చమత్కారాలన్నీ మళ్ళీ చెప్పుకుని నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. ఇల్లు చేరాక ఇద్దరికీ సంగటి ముద్దలు పెట్టి, ఊరిబిండి పచ్చడి వేశాను. ఆదిమూలం ముఖాన సఫేదా ఇంకా పూర్తిగా పోలేదు. చెవుల దగ్గర తెల్లగా ఉంది.

"ఏదన్నా అందామనే సూసినానక్కా," అన్నాడు ముద్ద నలుపుతూ. "నోటికి రాలా."

"సంగటి సల్లారిపోతాది, తిను," అన్నాను.

మునస్వామి సగం ముద్ద వదిలేసి లేచాడు.

మర్నాడు పొద్దున పరంధామయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. రోజూ అదే ఆడాలన్నాడు. "ఇంకే కతా వొద్దు. జనం అదే అడగతా ఉండారు. ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకోండి. అక్క ఎవురికో చెప్పబాకండి. చెప్తిరంటే ఆట సచ్చిపోతాది."

ఆ మాట ఆయన నా చేతి మజ్జిగ తాగుతూ అన్నాడు. ఆయనకు పాపం ఏ దురుద్దేశమూ లేదు. ఆ అక్క నేనేనని ఆయనకు తోచనే లేదు.

ఆ వారంలోనే పరంధామయ్య మనుషులు ఎడ్లబండికి మైకు కట్టుకుని మా వీధిలోకి వచ్చారు. నేను వాకిట్లో విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నాను. "ఈ సాయంత్రం మీ పుత్తూరు డేరాలో! అక్క ఎవరికి? అక్క ఎవరికి? తప్పక చూడండి, మీరే తీర్పు చెప్పండి!" అని అరుచుకుంటూ బండి మా ఇంటి ముందు నుంచే పోయింది. ఎదురింటివాళ్ళు తలుపు వేసుకున్నారు. అంత తగువున్నవాళ్ళు కూడా నా ముఖం చూడలేక తలుపు వేసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు నవ్వి ఉంటే బాగుండేది.

ఆటగా చూస్తే అది రోజురోజుకూ బాగుపడిందట. మునిలక్ష్మి వచ్చి చెప్పేది. ఆదిమూలం ఆ గుడ్డతో చెమట తుడుచుకుని, చంకలో పెట్టుకుని, ఇవ్వబోయి ఇవ్వక, ఆఖరికి విసిరేవాడట. మునస్వామి నిలబడే నిద్రపోయినట్టు నటించేవాడట. జనం తలా ఒక తీర్పు చెప్పేవాళ్ళట. నెలకొకరు పెట్టుకోమని ఒకరు, చీటీలు వేయమని ఒకరు, గుడిలో వదిలిపెట్టమని ఒకరు. వీళ్ళు ఏ తీర్పుకూ ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే నవ్వు ఆగిపోతుంది.

ఒకరోజు ఆదిమూలం నా దగ్గరకు వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. "అక్కా, నువ్వు వొద్దంటే మానేస్తాము."

వాడు అనాల్సిన మాట నా చేత అనిపించాలని చూస్తున్నాడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"ఎవురొద్దన్నారు? జనం నవ్వతా ఉంటే ఆపేదెందుకు? ఆడండి."

"ఉట్టి ఆటే గదా వొదినా," అంది లోపల్నుంచి శకుంతల. "మనసులో పెట్టుకోబాక."

నేను మనసులో పెట్టుకున్నానని ఎవరన్నారు? నేను ఎదురు చూస్తున్నాను, అంతే. వేదిక దిగాక, ముఖం కడుక్కున్నాక, ఇద్దరిలో ఒకడు నా దగ్గరకు వచ్చి "నువ్వు మా ఇంట్లోనే అక్కా" అంటాడని. ఆ మాట చెప్పడానికి తుండుగుడ్డ అక్కర్లేదు కదా.

ఎండలు తగ్గుముఖం పట్టాయి. మాకు దూరపు చుట్టం వరదమ్మ తిరుపతిలో ఒక సత్రంలో వంట చేసేది. మోకాళ్ళు పట్టేశాయి, తోడుకు మనిషి కావాలని కబురు పెట్టింది. అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు, నేను పోతానని చెప్పాను. ఆదిమూలం మునస్వామి వైపు చూశాడు. మునస్వామి ఆదిమూలం వైపు చూశాడు. ఇంట్లో చూపులు కూడా అట్లాగే విసురుకోవడం నేర్చుకున్నారు.

"కొన్నాళ్ళు మార్పుగా ఉంటాదిలే వొదినా," అంది శకుంతల.

బస్సు దగ్గరకు ఇద్దరూ వచ్చారు. ఒకడు నా సంచి పట్టుకున్నాడు, ఒకడు దారిలో తాగడానికి నీళ్ళచెంబు పట్టుకున్నాడు. "ఉండక్కా, యాడికి పోతావు?" అంటారేమోనని మెట్టు మీద కాలు పెట్టి, కండక్టరు కసిరేదాకా నిలబడ్డాను. "బద్రంగా పో," అన్నాడు ఆదిమూలం. మునస్వామి చెంబు అందించాడు. చెంబు వంగి నీళ్ళు నా పాదాల మీద ఒలికాయి.

సత్రంలో పనికి లోటు లేదు. తెల్లవారితే సాంబారు, పొద్దెక్కితే అన్నం. యాత్రికులు దేశం నలుమూలల నుంచీ వస్తారు, తింటారు, పోతారు. ఎవరు ఎవరికి ఏమవుతారో వంటమనిషికి అక్కర్లేదు. నాకు ఆ పని బాగానే ఉందని చెప్పుకునేదాన్ని. రెండు వానలు పడ్డాయి. పరంధామయ్య మిషను బాగుపడలేదో, ఈ ఆటే లాభంగా ఉందో, డేరా ఎత్తుకుని పలమనేరు వైపు పోయాడని విన్నాను.

ఒకరోజు పలమనేరు నుంచి పాల వ్యాపారం చేసే ఒకాయన కుటుంబంతో వచ్చి, గుండ్లు చేయించుకుని, మా సత్రంలో భోజనానికి కూర్చున్నాడు. మాటకారి మనిషి. వడ్డించేవాళ్ళందరితోనూ మాట్లాడుతున్నాడు.

"మీది యా ఊరమ్మా?"

"పుత్తూరు కాడ."

"పుత్తూరా! మీ ఊరి డేరా మా ఊరికొచ్చింది గదమ్మా. 'అక్క ఎవరికి' అని ఊరూరా మైకు పెట్టి అరిసినారు. దుడ్డు దండగ."

నా చేతిలో రసం గిన్నె ఉంది. "ఏం, బాగలేదా?"

"మొదుట్లో శానా బాగుండె. తుండు అటొకడు ఇటొకడు ఇసురుకుంటా ఉంటే మేమంతా కడుపులు పట్టుకోని నవ్వతా ఉండాము. ఉన్నట్టుండి ఆ చిన్నోడు తుండు పట్టుకోని అట్నే నిలబడిపొయినాడు. 'అక్క నాకు. మా అక్కను నేను పెట్టుకుంటా' అనేసినాడు. ఆ మాటలో నవ్వేదానికి ఏముండాది సెప్పు? ఆ తుండు గూడా మళ్ళీ ఇసరలా వాడు. పెద్దోడు బిత్తరపొయి సూస్తా ఉండాడు."

"జనం ఏమన్నారు?"

"ఏమంటారు? ఒకరి మొగం ఒకరు సూసుకున్నాము. ఎనక గలాటా మొదలైంది. దీనికా మమ్మల్ని పిల్చినారు, దుడ్డు వాపసీండని బెంచీలు ఎత్తేసినారు. ఆ పొద్దుతో డేరా కట్టేసుకోని పొయినారు... అమ్మా, అమ్మా, రసం!"

రసం ఆకు దాటి కారిపోతోంది. క్షమించమని గుడ్డ తెచ్చి తుడిచాను. వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు తెచ్చుకోబోతే గుర్తుకు రాలేదు. నలుగురిలో, దీపాల కింద, పరంధామయ్య వద్దన్నా, అన్న బిత్తరపోయినా, నా మునస్వామి ఆ మాట అనేశాడు.

ఆ సాయంత్రమే చీరలు మూట కట్టి వంటింటి తలుపు వెనక పెట్టాను. "మా తమ్ముడు వస్తాడు వరదమ్మా, ఇంకొక మనిషిని సూసుకో," అని చెప్పాను. ఆమె ముఖం ముడుచుకుంది.

వాడు వచ్చాడు. ఒక మధ్యాహ్నం వాన వెలిశాక, చెనిక్కాయల సంచి భుజాన పెట్టుకుని, తడిసిన కాళ్ళతో వచ్చి సత్రం వెనక మెట్ల మీద కూర్చున్నాడు. సన్నబడ్డాడు. అన్నం పెట్టాను. తిన్నంతసేపూ వాన గురించి, విత్తనం గురించి చెప్పాడు. మునిలక్ష్మికి నెల తప్పిందన్నాడు. నేను ఎదురుగా కూర్చుని వాడి నోటినే చూస్తున్నాను.

"డేరా ఏమాయ?" అన్నాను.

"నిలిచిపొయిందక్కా. పలమనేరు జనం మంచోళ్ళు గాదు." తల వంచుకుని ఆకు మడిచాడు. "ఇంక ఆ ఏషాలొద్దనుకున్నాము. అన్న నాతో పలకతా లేదు."

"ఎందుకు?"

"నా వల్లనే సెడిపొయిందని."

"ఏం చేసినావు నువ్వు?"

ఇంతకంటే ఎట్లా అడగాలి నేను? వాడు లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. వాడి వీపే కనిపిస్తోంది నాకు.

"ఏమీ లేదులేక్కా. ఏదో తప్పు మాట నోట్లోంచి వొచ్చేసింది. ఎవురూ నవ్వలా."

తప్పు మాట అన్నాడు దాన్ని. అయినా ఆశ చావదు కదా. "ఇంట్లో ఎట్లుండాది?" అన్నాను.

"వేరుపడినామక్కా. పడమటి భాగం అన్నకు, తూరుపు నాకు. నడాన గోడ లేస్తా ఉండాది."

"అన్నీ పంచుకున్నారా?"

మునస్వామి నా ముఖంలోకి చూశాడు. వచ్చినప్పటి నుంచీ అదే మొదటిసారి చూడటం. వాడి పెదవి కదిలింది. లోపల మాట ఉందని నాకు తెలుసు. ఊరు కాని ఊళ్ళో వందల మంది ముందు అన్న మాటే, ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను, అనేస్తే సరిపోయేది. కానీ అది ఒకసారి అని, తిట్లు తిని వచ్చిన మాట. దాన్ని మళ్ళీ నోటికి తెచ్చుకోవడానికి వాడికి భయం వేసింది. వాడు చిన్నప్పుడు చెయ్యి కాలితే, దాన్ని అన్నం ముందు కూడా బయటికి తీయకుండా దాచుకునేవాడు. అదే ముఖం.

"అన్నీ అయిపొయినాయక్కా," అన్నాడు.

సంచి దించి, ఆఖరి బస్సు పోతుందని లేచాడు. వీధి మొగదాకా వెళ్ళి నిలబడ్డాడు. వెనక్కి వస్తాడేమో అనుకున్నాను. పంచె ఎగ్గట్టుకుని, నీళ్ళ మడుగు దాటి, పోయాడు. తలుపు వెనక మూట వాడి కంట పడనే లేదు. నేనూ చూపించలేదు.

వాడి మీద నాకు కోపం లేదు. ఇద్దరూ ఇప్పుడు లేరు కూడా. పెద్దవాడి మీద కూడా కోపం లేదు, వాడికి ఆ మాట తోచనే లేదు, తోచనివాణ్ణి ఏమంటాం. నా కోపమంతా ఆ పలమనేరు జనం మీద. చల్లటి ఊరు, పాడి ఉన్న ఊరు, మంచివాళ్ళే అయ్యుంటారు. నవ్వు రాకపోతే పోనీ. ఆ రాత్రి వాళ్ళల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "బాగా చెప్పినావు నాయనా" అని ఉండకూడదా?